మూత మూస్తే నిద్రపోవాలి

సంచిలోంచి తీస్తే ల్యాప్‌టాప్ చెయ్యి కాలేంత వేడిగా ఉంది. రెండు గంటల క్రితం మూత మూసి సంచిలో పెట్టాను. అప్పటికి బ్యాటరీ 80 శాతం పైనే ఉంది. ఇప్పుడు పవర్ బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఛార్జర్ పెట్టి కాసేపాగి ఆన్ చేస్తే ఏమీ జరగనట్టే లాగిన్ తెర వచ్చి కూర్చుంది.

దానికి ముందు రోజే ఒక స్నేహితుడి దగ్గర గొప్పలు పోయాను. "ల్యాప్‌టాప్ మీద మ్యాక్ ఓఎస్ మొత్తం సెట్ అయిపోయిందిరా. వైఫై వస్తోంది, సౌండ్ వస్తోంది, టచ్‌ప్యాడ్ మీద మూడు వేళ్లతో లాగితే కిటికీలన్నీ విచ్చుకుంటున్నాయి. ఇంకేం కావాలి?"

నిద్ర కావాలి. అది తెలియడానికి సంచి వేడెక్కాల్సి వచ్చింది.

హ్యాకింటాష్ అంటే ఆపిల్ తయారు చేయని కంప్యూటర్ మీద మ్యాక్ ఓఎస్ నడిపించుకోవడం. ఆ పనిలో పడ్డవాళ్లను ఎవరిని కదిపినా "డ్రైవర్ దొరికిందా?" అనే అడుగుతారు. సౌండ్ రాకపోతే డ్రైవర్. బ్యాటరీ శాతం కనబడకపోతే డ్రైవర్. మూత మూసినా నిద్రపోకపోతే అదీ డ్రైవరే. ఆ మాట పట్టుకుని నేనూ ఏడాది వేలాడాను. ఇప్పుడైతే ఒప్పుకోను. ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ సమస్య అని మనం పేరు పెట్టేవాటిలో చాలావాటికి డ్రైవర్‌తో సంబంధమే లేదు. ఉత్తరం మీద చిరునామా తప్పు రాసి, చేరలేదని పోస్ట్‌మ్యాన్‌ని తిట్టుకుంటున్నాం.

ఆ చిరునామాలుండేది ఏసీపీఐ పట్టికల్లో. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి తెచ్చిన పద్ధతి అది. ఏ భాగం ఎక్కడుంది, దాన్ని ఎలా ఆన్ చేయాలి, ఎలా పడుకోబెట్టాలి, ఎవరికి ఎవరిని నిద్ర లేపే హక్కుంది అన్నవన్నీ ఫర్మ్‌వేర్ (ఓఎస్ లేవకముందే మెషీన్‌లో నడిచే ప్రోగ్రామ్) రాసిపెట్టి ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిస్తుంది. అందులో పెద్ద పట్టిక పేరు డీఎస్‌డీటీ. దాని వెనక వచ్చే అనుబంధాలు ఎస్‌ఎస్‌డీటీలు. మ్యాక్ తయారుచేసేటప్పుడు ఈ పట్టిక రాసేదీ ఆపిలే, చదివే ఓఎస్ రాసేదీ ఆపిలే. మామూలు ల్యాప్‌టాప్ సంగతి అలా కాదు. దాని పట్టిక రాసినవాళ్లు విండోస్‌తో పరీక్షించి, అక్కడ పనిచేస్తే చాలనుకుని వదిలేస్తారు. విండోస్ చూసీచూడనట్టు పోయే తప్పుల్ని మ్యాక్ ఓఎస్ క్షమించదు.

ఇంకా విచిత్రం ఏమిటంటే, పట్టికే ఎదురు ప్రశ్న వేస్తుంది. నువ్వు విండోస్‌వేనా, ఏ కాలం నాటి విండోస్‌వి అని అడుగుతుంది. మ్యాక్ ఓఎస్ ఒక్క "డార్విన్" (దాని పునాదికి ఆపిల్ పెట్టిన పేరు) అన్న పేరుకే ఔనంటుంది, మిగతావాటికి కాదంటుంది. దాంతో పట్టిక "ఇదేదో పాతకాలపు సిస్టమ్" అనుకుని ఎవరూ పరీక్షించని దారి పట్టుకుంటుంది. నా టచ్‌ప్యాడ్ మొదట్లో కదలకపోవడానికి కారణం అదే. దానికి వూడూఐ2సీ అనే కెక్స్ట్ ఉంది (మ్యాక్‌లో డ్రైవర్ ఫైళ్లను కెక్స్ట్ అంటారు). దాని నాలుగు వెర్షన్లు మార్చి మార్చి చూశాను. తీరా డీఎస్‌డీటీ తెరిస్తే, అడిగింది కొత్త విండోస్ కాకపోతే ఆ టచ్‌ప్యాడ్ అసలు లేనే లేదని అక్కడ రాసి ఉంది. లేని వస్తువుకి ఏ డ్రైవర్ మాత్రం ఏం చేస్తుంది? ఆ ప్రశ్నకి సరైన జవాబు చెప్పే చిన్న ఎస్‌ఎస్‌డీటీ పెట్టాను. నాలుగు వెర్షన్లలో ఏది వేసినా పనిచేసింది.

బ్యాటరీ కథ ఇంకా బాగుంటుంది. మెనూ బార్‌లో బ్యాటరీ బొమ్మ మీద అడ్డంగా గీత. ఛార్జర్ పెట్టినా అదే, తీసినా అదే. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ, మూత, ఫ్యాన్ లాంటివి చూసుకోవడానికి ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ఉంటుంది. ఇంకా ఎంత ఛార్జ్ మిగిలిందన్న అంకె దాని దగ్గర ఉంటుంది. 3600 మిల్లీయాంప్-అవర్లు మిగిలాయనుకోండి. ఒక బైట్‌లో పట్టేది 255 వరకే, కాబట్టి ఆ అంకెకి రెండు బైట్లు కావాలి. ముందు 16, తర్వాత 14. పద్నాలుగుని 256తో గుణించి పదహారు కలిపితే 3600. విండోస్ రెండు బైట్లూ ఒకేసారి అడిగి తీసుకుంటుంది. మ్యాక్ ఓఎస్‌లోని ఏసీపీఐ భాగం మాత్రం ఈ చిప్ దగ్గర ఒక్కసారికి ఒక్క బైట్ మించి అడగలేదు. అంతకంటే పెద్ద గడి కనిపిస్తే చదవడం అక్కడితో ఆగిపోతుంది, బ్యాటరీ బొమ్మ మీద గీత పడుతుంది.

ఈ ముక్క తెలియక ముందు నేను బ్యాటరీ కెక్స్ట్ మార్చాను, బ్యాటరీ చెడిపోయిందేమోనని టెన్షన్ పడ్డాను, ఒకసారి మొత్తం సిస్టమ్‌ని తిరిగి ఇన్‌స్టాల్ కూడా చేశాను. తెలిశాక రెండు సాయంత్రాలు కూర్చుని, పట్టికలో ఉన్న ప్రతి 16 బిట్ల (అంటే రెండు బైట్ల) గడినీ రెండు ఎనిమిది బిట్ల గడులుగా విడగొట్టి, చదివాక మళ్లీ కలిపే మెథడ్ (పట్టికలో ఉండే చిన్న ప్రోగ్రామ్) రాశాను. మూడోసారి బూట్ చేసినప్పుడు శాతం కనబడింది. చిన్నపిల్లాడిలా ఛార్జర్ తీసి పెట్టి, తీసి పెట్టి చూసుకున్నాను. ఇప్పుడు ఈ తంటా లేదు. ఈసీ ఎనేబ్లర్ అనే చిన్న కెక్స్ట్ ఆ విడగొట్టే పని తనే చూసుకుంటుంది. అది కూడా బ్యాటరీ డ్రైవరేం కాదు సుమా. ఒకేసారి చదవలేనిదాన్ని ముక్కలు చేసి చదివించే దుబాసీ.

గ్రాఫిక్స్‌లో ఇదే సంగతి ఒక్క అంకెలో తేలిపోయింది. నాది ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, కేబీ లేక్ రిఫ్రెష్. అందులోని గ్రాఫిక్స్ గుర్తింపు సంఖ్య 5917. ఆపిల్ డ్రైవర్‌కి తెలిసింది 5916. చిప్ దాదాపు అదే, కానీ జాబితాలో పేరు లేదు కాబట్టి గడప దాటనివ్వదు. ఓపెన్‌కోర్ (మామూలు మెషీన్‌లో మ్యాక్ ఓఎస్‌ని లేపే బూట్‌లోడర్) సెట్టింగుల్లో 5916 అని చెప్పాలి, అదీ బైట్లు తిరగేసి 16590000 అని రాయాలి. తిరగేయకుండా రాసి ఒక సెలవు రోజంతా పోగొట్టుకున్నాను. ఆపిల్ సొంత డ్రైవర్ మొదటి నుంచీ అక్కడే కూర్చుని ఉంది, సరైన పేరుతో పిలిచేవాళ్లు లేక.

సౌండ్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఆపిల్‌ఏఎల్‌సీ అనే సౌండ్ కెక్స్ట్‌కి లేఅవుట్ సంఖ్యలు ఒక్కొక్కటే ఇచ్చి చూడటమే, స్పీకరూ మైకూ రెండూ పలికేదాకా. ఇంటెల్ వైఫై కార్డుకి ఐటీఎల్‌డబ్ల్యూఎం అనే కెక్స్ట్ ఉంది. ఎయిర్‌డ్రాప్ (ఆపిల్ పరికరాల మధ్య గాల్లోనే ఫైళ్లు పంపుకోవడం) రాదు, ఆ ఆశ వదులుకోవాలి.

ఇక వేడి. నా ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌తో పాటు రెండో గ్రాఫిక్స్ చిప్ కూడా ఉంది, విండోస్‌లో ఆటలప్పుడు మేల్కొనేది. ఇలా రెండు చిప్‌ల మధ్య మారే ఏర్పాటుని మ్యాక్ ఓఎస్ పట్టించుకోదు. పట్టించుకోదంటే ఆపేస్తుందని అనుకున్నాను. కాదు, వాడదు గాని కరెంటు మాత్రం పారుతూనే ఉంటుంది. ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరుగుతున్నట్టు. బూట్ ఆర్గ్యుమెంట్‌తో (లేచేటప్పుడు ఓఎస్‌కి ఇచ్చే సూచన) దాన్ని కనబడకుండా దాచాను. దాచడం వేరు, ఆపడం వేరని తర్వాత తెలిసింది. పట్టికలోనే ఆ చిప్‌కి కరెంటు ఆపే మెథడ్ ఒకటుంది. బూట్ అయ్యేటప్పుడు దాన్ని పిలిచేలా ఎస్‌ఎస్‌డీటీ రాస్తే గానీ అడుగుభాగం చల్లబడలేదు. అక్కడితో అయిపోలేదు. నిద్ర లేచినప్పుడు ఫర్మ్‌వేర్ దాన్ని మళ్లీ ఆన్ చేస్తోంది. కాబట్టి లేచిన వెంటనే మరోసారి ఆపాలి.

ప్రాసెసర్ విషయంలో మాత్రం నా వాదన కొంచెం వంకర తిరుగుతుంది, దాచుకోను. వేగం, వోల్టేజీ, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత లోతుగా విశ్రమించాలి అన్నవన్నీ మ్యాక్ ఓఎస్ కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) స్వయంగా నడుపుతుంది. అందుకోసం ప్రాసెసర్‌లోని ఒక రిజిస్టర్‌లో, అంటే చిన్న గడిలో, రాయాలి. చాలా ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ ఆ రిజిస్టర్‌కి తాళం వేసి ఉంచుతుంది, సీఎఫ్‌జీ లాక్ అనేది అదే. తాళం ఉన్నచోట రాయబోతే బూట్ మొదట్లోనే కెర్నల్ ప్యానిక్, అంటే సిస్టమ్ కుప్పకూలడం. ఓపెన్‌కోర్‌లో ఒక టిక్కు పెడితే కెర్నల్ ఆ రాత మానేస్తుంది, సిస్టమ్ లేస్తుంది. అందరూ అక్కడితో ఆగిపోతారు, నేనూ ఆగాను. తాళం నిజంగా తీయాలంటే బయోస్‌లో దాచిన సెట్టింగ్‌ని దాని స్థానం కనుక్కుని మార్చాలి. ఆ స్థానం మోడల్‌కీ మోడల్‌కీ, కొన్నిసార్లు బయోస్ వెర్షన్‌కీ వెర్షన్‌కీ మారుతుంది. ఒక్క అంకె పొరపాటైతే ల్యాప్‌టాప్ మళ్లీ లేవకపోవచ్చు. ఎవరో వీడియోలో చూపించిన అంకెని అలాగే కొట్టేవాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. నేను టిక్కుతోనే ఉన్నాను.

అయితే వేగాల జాబితా ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. మనం మ్యాక్ అని నమ్మించడానికి ఏదో ఒక మోడల్ పేరు పెట్టుకుంటాం. నేను పెట్టుకున్నది 2017 నాటి 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో. ఆ పేరు ఉత్త అలంకారం కాదు. ఆ మోడల్‌కి ఆపిల్ రాసుకున్న పవర్ లెక్కలన్నీ ఆ పేరుతో పాటే వచ్చి నా ప్రాసెసర్ మీద కూర్చుంటాయి. అసలు మ్యాక్‌లో రెండు కోర్లు, నా దాంట్లో నాలుగు. పనేమీ లేకపోయినా నా ప్రాసెసర్ 1300 మెగాహెర్ట్జ్ కిందికి దిగేది కాదు. సీపీయూ ఫ్రెండ్ అనే కెక్స్ట్‌తో ఆ లెక్క దిద్ది 800కి దించాను. ఇక్కడ కూడా డ్రైవర్ తప్పేమీ చేయలేదు. మనం చెప్పిన పేరుని నమ్మింది, అంతే.

ఇన్ని చేశాక కూడా సంచిలో వేడి తగ్గలేదు.

టెర్మినల్‌లో పీఎంసెట్ కమాండ్‌తో పవర్ లాగ్ తీస్తే కళ్లు తెరుచుకున్నాయి. మూత మూశాను, నిద్రపోయింది. రెండు సెకన్లలో లేచింది. మళ్లీ పడుకుంది, మళ్లీ లేచింది. పేజీలకి పేజీలు అదే వరస. లేచిన ప్రతిసారీ కారణం దగ్గర ఒకే పేరు, ఎక్స్‌హెచ్‌సీ. అంటే యూఎస్‌బీ కంట్రోలర్. బయట యూఎస్‌బీకి ఏదీ తగిలించి లేదు. మరి లేపుతున్నదెవరు?

ఈ రోగానికి అందరూ చెప్పే మందు ఒకటుంది. పట్టికలో జీపీఆర్‌డబ్ల్యూ అనే మెథడ్ ప్రతి పరికరానికీ రెండు అంకెలిస్తుంది. రెండో అంకె ఆ పరికరం ఎంత లోతు నిద్ర నుంచి లేపవచ్చో చెబుతుంది. ఆ మెథడ్ పేరు మార్చేసి, దాని స్థానంలో మనది పెట్టి, యూఎస్‌బీ అడిగినప్పుడు రెండో అంకె సున్నా ఇవ్వాలి. లేపే హక్కు పోతుంది. పెట్టాను. లేవడం తగ్గింది గానీ పోలేదు. ఇప్పుడు రెండు సెకన్లకి బదులు కొన్ని నిమిషాలకోసారి లేస్తోంది. ఇది మందు వికటించడం కన్నా ఘోరం. ఎందుకంటే పరీక్ష చేయాలంటే ప్రతిసారీ మూత మూసి, దాన్ని ముట్టుకోకుండా అరగంట ఆగాలి.

అసలు దోషి యూఎస్‌బీ మ్యాపులో, అంటే ఏ పోర్టు ఏమిటో చెప్పే జాబితాలో, దొరికింది. మ్యాక్ ఓఎస్ ఒక్కో కంట్రోలర్‌కి 15 పోర్టులే ఒప్పుకుంటుంది. యూఎస్‌బీ 3 రంధ్రం చూడటానికి ఒకటే అయినా లెక్కలో రెండు, పాత వేగానికొకటి, కొత్త వేగానికొకటి. చిప్‌సెట్ ఏమో 15 కన్నా ఎక్కువే ప్రకటించుకుంటుంది. వెనకటికి ఆ పరిమితి ఎత్తేసే టిక్కు ఒకటి పెట్టుకుని కాలం గడిపేవాళ్లు. మ్యాక్ ఓఎస్ బిగ్ సర్ 11.3 వెర్షన్ నుంచి అదీ పనిచేయడం లేదు. కాబట్టి ఏ పోర్టు నిజమో, ఏది ఉత్తదో, ఏది బయటికి కనిపించేదో, ఏది లోపలే ఉండేదో మనమే రాసివ్వాలి. నేను రాసిచ్చాను, కానీ పోర్టు రకం దగ్గర బద్ధకంతో అన్నిటికీ 3 అని పెట్టాను. 3 అంటే బయటి యూఎస్‌బీ 3 పోర్టు. బ్లూటూత్ కార్డు కూడా లోపల యూఎస్‌బీ మీదే కూర్చుంటుంది. దానికి 255 పెట్టాలి, లోపలి పోర్టు అని అర్థం. నేను 3 పెట్టడంతో మ్యాక్ ఓఎస్ దాన్ని ఎవరో బయట గుచ్చిన వస్తువులా చూసింది. నిద్రపోయేటప్పుడు దానికి చేయాల్సిన మర్యాద చేయలేదు, అది మధ్యమధ్యలో తలుపు తట్టింది.

మూడు తీసి 255 పెట్టాను. ఆ రాత్రి మూత మూసి నేనూ పడుకున్నాను. తెల్లారి చూస్తే అడుగుభాగం గది అంత చల్లగా ఉంది.

ఏడాది పాటు నేను మార్చిన కెక్స్ట్‌ల లెక్క నా దగ్గర లేదు. సమస్యలు తీర్చినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: ఒక ప్రశ్నకి సరైన జవాబు, రెండుగా విరిగిన గడులు, 5916, ఒక ఆఫ్ మెథడ్, 800, 255. వీటిలో కొత్త డ్రైవర్ ఒక్కటీ లేదు.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. "ఇదంతా చదువుతూ కూర్చుంటే పనెప్పుడు చేసుకోవాలి? నా మోడల్‌కే ఎవరో చేసిపెట్టిన ఈఎఫ్‌ఐ ఫోల్డర్ (ఈ సెట్టింగులూ పట్టికలూ కెక్స్ట్‌లూ అన్నీ ఉండేది) దొరుకుతుంది, కాపీ చేసుకుంటే పోలా?" అంటారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. బూట్ వరకూ రావడానికి అంతకన్నా దగ్గర దారి లేదు. కానీ నేను మొదట్లో గొప్పలు పోయిన స్నేహితుడి దగ్గరా ఇదే మోడల్ ఉంది. నా ఫోల్డర్ అడిగి పట్టుకెళ్లాడు. శాతం వచ్చింది, సౌండ్ వచ్చింది, తెర వెలుగు తగ్గింది, పెరిగింది. నిద్ర మాత్రం రాలేదు. అతని దాంట్లో వైఫై కార్డు మార్చి ఉంది, కొత్త కార్డులోని బ్లూటూత్ వేరే పోర్టు మీదికి వచ్చింది. నా మ్యాపులో ఆ పోర్టు అసలు లేదు. పైన రాసిన పేరు ఒకటే, లోపల మెషీన్లు రెండు. ఫోల్డర్ తెచ్చుకోండి, వద్దనను. అందులో ఏ ఫైలు దేనికుందో చెప్పలేకపోతే మాత్రం అది మీ మెషీన్‌ది కాదు, దాన్ని రాసినవాళ్ల మెషీన్‌ది.

ఇంకో ఎదురు మాట లైసెన్స్ గురించి. మ్యాక్ ఓఎస్‌ని ఆపిల్ బ్రాండ్ కంప్యూటర్ల మీదే నడపాలని ఒప్పందంలో స్పష్టంగా ఉంది. సైస్టార్ అనే కంపెనీ 2008లో ఇలాంటి మెషీన్లు అమ్మకానికి పెడితే ఆపిల్ కోర్టుకెళ్లింది. 2009లో తీర్పు ఆపిల్ వైపే వచ్చింది, 2011లో అప్పీలులోనూ అదే నిలబడింది. ఇంట్లో నేర్చుకోవడానికి చేసుకున్నా ఒప్పందం ఒప్పందమే. ఈ మెషీన్‌ని నేను ఎవరికీ అమ్మను, ఎవరికీ చేసిపెట్టను. అంతకుమించి దీన్ని సమర్థించుకునే ప్రయత్నమూ చేయను.

కొత్తగా ఈ పనికి దిగేవాళ్లు డ్రైవర్లు వెతకబోయే ముందు ఒక్కటి చూసుకోవాలి, ఫర్మ్‌వేర్‌లో ఎస్3 నిద్ర (మెమరీకి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆపేది) ఉందా లేదా అని. ఈమధ్య వస్తున్న ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో అది తీసేసి, విండోస్‌ని దృష్టిలో పెట్టుకుని మోడర్న్ స్టాండ్‌బై (పూర్తిగా పడుకోకుండా కునుకు తీసే పద్ధతి) ఒక్కటే ఉంచుతున్నారు. అలాంటి మెషీన్ మీద నేను ఇక్కడ రాసిన పద్ధతులేవీ మిమ్మల్ని నిద్ర దాకా తీసుకెళ్లవు. ఎస్3 ఉంటే, ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది ఎక్కడో ఒకచోట రాసుకోండి. నేను ఒకే రాత్రి మూడు మార్చి, ఏది పనిచేసిందో తెలియక మూడూ ఉంచేసుకున్న రోజులున్నాయి. వాటిలో రెండు ఇప్పటికీ తీయలేదు, తీయడానికి భయం.

ఇంత అవస్థ ఎన్నాళ్లకోసం అంటే, మహా అయితే ఇంకొన్నాళ్లు. 2006లో ఇంటెల్ మ్యాక్‌లు వచ్చాయి కాబట్టే ఈ ఆట ఇంత సాగింది. 2020లో ఆపిల్ సొంత చిప్‌లకి మారింది. ఇంటెల్ మ్యాక్‌ల మీద నడిచే చివరి వెర్షన్ టాహో అని 2025లో చెప్పేసింది. నేను టాహో దాకా కూడా వెళ్లలేదు. 2017 మోడల్ పేరు పెట్టుకున్నాను కాబట్టి వెంచురా అనే పాత వెర్షన్ దగ్గరే ఆగిపోయాను. పేరు మార్చుకుంటే ముందుకెళ్లొచ్చు. మారిస్తే పవర్ లెక్కలు మళ్లీ మొదటికొస్తాయి, ఓపిక లేదు.

ఇది రాసే ముందు ఇవాళ పొద్దున మళ్లీ లాగ్ తీసి చూశాను. రాత్రి పడుకున్నట్టు ఒక వరస. దాని కింద పొద్దున లేచినట్టు ఇంకో వరస. మధ్యలో ఏమీ లేదు. లేచిన కారణం దగ్గర ఎక్స్‌హెచ్‌సీ పోయి ఎల్‌ఐడీ అని ఉంది. మూత. తెరిచింది నేనే.